ఓర్చుకోకు, చెప్పు

అమ్మాయీ,

రొమ్ము క్యాన్సర్ ఎముకలకో కాలేయానికో పాకాక వైద్యం ఫలానా తేదీకి అయిపోయేది కాదు. ఒక మందు పనిచేసినన్నాళ్లూ అదే, పట్టు తప్పితే ఇంకోటి. అందుకే "ట్రీట్‌మెంట్ అయ్యాక చూద్దాం" అని పక్కన పెట్టినవి ఇప్పుడే మొదలుపెట్టు.

పాకిన చోటి నుంచి మళ్లీ బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) వీలవుతుందా అని అడుగు. ఈఆర్, పీఆర్ (గడ్డ ఆడ హార్మోన్లతో పెరిగే రకమా అని చెప్పేవి), హెర్2 (గడ్డను పెంచే ఒక ప్రోటీన్) ఫలితాలు మొదటి గడ్డలో ఒకలా, ఇక్కడ మరోలా ఉండొచ్చు. మందుల ఎంపిక చాలావరకు వాటిమీదే నడుస్తుంది.

నొప్పి దగ్గర మన ఆడవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది, ఓర్చుకోవడం. నొప్పి ముదిరాక అణచడానికి మందు ఎక్కువ కావాలి, కాబట్టి గడియారం చూసి వేళకు వేసుకో. ఒక నోట్‌బుక్ పెట్టుకో. "బాగా నొప్పి" అని రాస్తే డాక్టరుకు ఏమీ తెలియదు. "నడుము కుడివైపు, పడుకుంటే పదికి 7, మాత్ర వేసిన గంటకు 3, నాలుగో గంటకు మళ్లీ 7" అని రాయి. మందు పనిచేస్తోంది గానీ తర్వాతి మాత్ర దాకా ఆగట్లేదని ఆ ఒక్క లైనే చెప్పేస్తుంది.

గట్టి నొప్పి మందు మార్ఫిన్ రాస్తే కంగారు పడకు. అది చివరి రోజుల మందేం కాదు. మొదట్లో వచ్చే వికారం, మత్తు చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గుతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు, ఎందుకంటే పేగుల కదలికనే ఆ మందు నెమ్మది చేస్తుంది. పీచు తింటే సరిపోదు. విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే రాయించుకో.

ఎముకలు దెబ్బతినకుండా ఇచ్చే ఇంజెక్షన్లు, జోలెడ్రోనిక్ యాసిడ్ గానీ డెనోసుమాబ్ గానీ, మొదలుపెట్టేముందు పళ్ల డాక్టరుకు చూపించుకో. పీకాల్సిన పన్నుంటే ముందే పీకించుకో. ఇంజెక్షన్లు మొదలయ్యాక పన్ను తీస్తే దవడ ఎముక మానకుండా దెబ్బతినే ప్రమాదముంది.

పాల్బోసిక్లిబ్ (క్యాన్సర్ కణాలు పెరగకుండా అడ్డుకునే మందు) 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపుతారు. తెల్లకణాలు తగ్గి తర్వాతి విడత వారం వాయిదా పడితే, మోతాదు తగ్గిస్తే, వైద్యం ఓడిపోయిందనుకోకు. ఒంటికి సరిపడే మోతాదు వెతుక్కోవడమే అది. కాపెసిటబిన్ అనే కీమో మాత్ర అయితే భోజనమయ్యాక అరగంటలోపు వేసుకోవాలి. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండుతున్నాయంటే పొక్కులొచ్చేదాకా ఆగకుండా ఫోన్ చెయ్యి.

తెల్లారేదాకా ఆగకూడనివీ ఉన్నాయి. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ తాకితే వెంటనే ఆసుపత్రికి వెళ్లు. థర్మామీటరు పెట్టకుండా పారాసిటమాల్ వేసుకున్నావంటే జ్వరం దాక్కుంటుంది, ఇన్ఫెక్షన్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. వెన్నులో కొత్త నొప్పి వచ్చి కాళ్లు బలం తప్పినా, మొద్దుబారినా, మూత్రం బిగుసుకుపోయినా వెన్నుపాము నలుగుతోందేమో చూడాలి. ఇంకా నడవగలిగినప్పుడే వైద్యం అందితే నడక నిలిచే అవకాశం ఎక్కువ. విపరీతమైన దాహం, మలబద్ధకం, మాట తికమక కలిసి వస్తే రక్తంలో కాల్షియం చూడమను.

నీరసానికి పడుకోవడమే మందు అనుకుంటారు. రోజంతా పడుకుంటే కండ కరిగి నీరసం ఇంకా పెరుగుతుంది. ఓపిక ఉన్న వేళ పది నిమిషాలు నడువు, రోజూ కాస్త పెంచు. ఎముకలకు క్యాన్సర్ పాకి ఉంటే బరువులెత్తే ముందు ఏ ఎముక బలహీనంగా ఉందో అడిగి తెలుసుకో. రక్తహీనత, థైరాయిడ్, నిద్ర కూడా ఒకసారి చూపించుకో. ఇవి సరిచేయగలిగినవి.

పాలియేటివ్ డాక్టరును ఇప్పుడే కలువు. క్యాన్సర్ వైద్యం ఆపేశాక వెళ్లే చోటు కాదది. నొప్పి, ఆయాసం, దిగులు, నిద్ర చూసుకునేది వాళ్లే. "పాజిటివ్‌గా ఉంటే చాలు" అని ఫోన్ చేసేవాళ్లకు నువ్వు జవాబుదారీ కాదు. దిగులుగా ఉన్నంత మాత్రాన జబ్బు పెరగదు.

స్కాన్ రిపోర్టు రోజున ఒక్కదానివే వెళ్లకు. పక్కనున్నవాళ్లు రాసుకుంటారు. ఈ మందు ఎందుకు, పనిచేస్తోందని ఎప్పుడు తెలుస్తుంది, చేయకపోతే తర్వాతేమిటి, రాత్రిపూట ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నవి అడిగాకే కుర్చీలోంచి లే.