గడ్డలు మళ్లీ వచ్చాయని బెంగపడుతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

ఐదేళ్ల క్రితం తీయించుకున్న ఫైబ్రాయిడ్లు, అదే ఆ గర్భసంచి గడ్డలు, మళ్లీ ఎలా వచ్చాయని, అప్పటి డాక్టరు సరిగా తీయలేదేమోనని నువ్వు కుమిలిపోతున్నావు. ముప్పై ఆరో ఏట తీయించుకుని నలభై ఒకటో ఏట మళ్లీ స్కానింగ్ గది ముందు కూర్చున్నదాన్ని కనుక ఆ బాధ నాకు తెలుసు. తీసేసిన గడ్డ తిరిగి రాదమ్మా. అప్పటికి కంటికి ఆననంత చిన్నవిగా గర్భసంచి కండరంలో ఉండిపోయినవి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరోన్ హార్మోన్ల బలంతో తరువాత పెరుగుతాయి, కొన్ని కొత్తగానూ పుడతాయి. ఇందులో నీ తప్పు లేదు, చాలాసార్లు డాక్టరు తప్పూ ఉండదు.

రిపోర్టులో ఎన్ని సెంటీమీటర్లు అన్న అంకె దగ్గరే నువ్వు ఆగిపోయావు. అంతకంటే ముందు తెలుసుకోవలసింది అది ఎక్కడ ఉందన్నది. గర్భసంచి లోపలి ఖాళీలోకి పొడుచుకు వచ్చిన గడ్డ 2 సెంటీమీటర్లే అయినా నెలసరిలో మనిషిని పీల్చి పిప్పి చేయగలదు. బయటి వైపు పెరిగినది 6 సెంటీమీటర్లున్నా ఏ ఇబ్బందీ పెట్టకపోవచ్చు. లోపలికి వచ్చినదాన్ని పొట్ట కోయకుండా, యోని గుండా సన్నని కెమెరా గొట్టం పంపే హిస్టెరోస్కోపీతో తీసే వీలు తరచుగా ఉంటుంది. స్కానింగులో స్పష్టత లేకపోతే ఎమ్మారై అవసరమా అని అడుగు, ఎందుకంటే గర్భసంచి లోపలి పొర కండరంలోకి చొచ్చుకుపోయే అడినోమయోసిస్ కూడా కలిసి ఉంటే గడ్డలు మాత్రమే తీసినందువల్ల నొప్పి పూర్తిగా పోదు.

ఇక దారుల సంగతి. నెలసరి రోజుల్లో వేసుకునే ట్రానెక్జామిక్ యాసిడ్ మాత్రలు రక్తస్రావాన్ని తగ్గిస్తాయి గాని గడ్డను కరిగించవు. హార్మోన్లను అణిచే ఇంజెక్షన్లు గడ్డను కుదిస్తాయి, కాని ఆపగానే అది మళ్లీ పెరుగుతుంది, ఎక్కువకాలం వాడితే ఎముకలు బలహీనపడతాయి. అందుకే వాటిని ఆపరేషన్‌కు ముందు కొన్ని నెలలు వాడడమే ఎక్కువ. మణికట్టు లేదా తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి, గడ్డకు రక్తం అందకుండా చేసే ఎంబోలైజేషన్ గురించి నాకు రెండోసారి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ రోజు నా ముందు ఒకే దారి పెట్టారన్న బాధ ఇప్పటికీ ఉంది. పాత ఆపరేషన్ వల్ల లోపలి అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోయినవారికి ఎంబోలైజేషన్ మంచి మార్గం కావచ్చు, అయితే ఇంకా బిడ్డ కావాలనుకునే నీలాంటివారు దాని గురించి మరింత జాగ్రత్తగా మాట్లాడాలి. నీకు రెండో బిడ్డ మీద ఆశ ఉంది కనుక గడ్డలు మాత్రమే తీసే మయోమెక్టమీయే మళ్లీ ముందుకు రావచ్చు. కండరాన్ని లోతుగా కోయవలసి వస్తే తరువాతి కాన్పు సిజేరియన్ కావలసి వస్తుందా అని ముందే అడుగు.

నేను నలభై మూడో ఏట గర్భసంచి తీయించుకున్నాను. ఫైబ్రాయిడ్లు మళ్లీ రాకుండా చేసేది అదొక్కటే, నాకు అది సరిపోయింది. నీ వయసు ముప్పై ఏడు, నీ లెక్క వేరు. ఎప్పుడైనా ఆ మాట వస్తే అండాశయాలను ఉంచుతారా తీస్తారా అన్నది విడిగా అడగవలసిన ప్రశ్న అని గుర్తుంచుకో. బహిష్టులు ఆగాక గడ్డలు సాధారణంగా కుంచించుకుపోతాయి కనుక నలభై ఎనిమిదేళ్ల మనిషి ఓపిక పట్టడంలో అర్థం ఉంది. బహిష్టులు ఆగాక కూడా పెరిగితే మాత్రం ఆలస్యం చేయకూడదు. క్యాన్సర్ చాలా అరుదే అయినా అది కాదని తేల్చుకోవాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పాత ఆపరేషన్ నోట్సు తీసుకువెళ్లు. అప్పుడు ఎన్ని గడ్డలు తీశారు, గర్భసంచి లోపలి పొర దాకా కోశారా అన్నవి అందులో ఉంటాయి, ఈసారి నిర్ణయానికి అవే ఆధారం. అన్నిటికంటే ముందు రక్తపరీక్ష చేయించుకో. హిమోగ్లోబిన్ 12కు తగ్గితే రక్తహీనతే, దాన్ని సరిచేసుకోకుండా ఏ ఆపరేషన్‌కూ తొందరపడవద్దు. ఆ అంకె ఎంత వచ్చిందో నాకు వెంటనే రాయి.

ఇట్లు,
పెద్దమ్మ