ఇంగ్లండ్ జట్టులోకి రాకపోయినా కౌంటీ ఆల్‌రౌండర్‌గా బతకొచ్చా?

ప్రశ్న: మేము చాలా ఏళ్లుగా లెస్టర్ దగ్గర ఉంటున్నాం. మా అబ్బాయి ఈ ఏడాది జీసీఎస్ఈ (మన పదో తరగతి లాంటి) పరీక్షలు రాశాడు. కౌంటీ అండర్-16 జట్టులో ఆరో నంబరులో బ్యాటింగ్ చేస్తాడు, మీడియం పేస్ వేస్తాడు. ఇక చదువు మానేసి పూర్తిగా క్రికెటే ఆడతానని పట్టుబట్టాడు. కోచ్ ఒకాయన ‘రెండూ సగం సగం వచ్చినవాళ్లని ఎవరూ తీసుకోరు, ఏదో ఒకటి తేల్చుకో’ అన్నాడట. ఇంగ్లండ్‌కు ఆడే అదృష్టం ఎంతమందికి ఉంటుంది? అక్కడిదాకా రాకపోతే వాడి గతేంటి? ఇంట్లో రోజూ ఇదే గొడవ, ఇదే టెన్షన్. – ఒక తండ్రి

జవాబు: మీ ఇంటి గొడవలో సగం ఇక్కడే తీర్చేయొచ్చు. ఇంగ్లండ్‌లో పిల్లలు పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఏదో ఒక చదువులోనో శిక్షణలోనో ఉండాలని చట్టమే చెబుతోంది. సిక్స్త్ ఫార్మ్ (మన ఇంటర్ లాంటిది) కావచ్చు, కాలేజీ కావచ్చు, అప్రెంటిస్‌షిప్ కావచ్చు. కాబట్టి ‘చదువు మానేస్తా’ అన్న మాటకు ఇప్పట్లో తావు లేదు. ఏ చదువు, ఎక్కడ అన్నదొక్కటే మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సింది.

ఇక మీ అసలు భయం సంగతి. ‘ఇంగ్లండ్‌కు ఆడకపోతే గతేంటి’ అని అడిగారు. మన ఇళ్లలో క్రికెట్ అంటే టీవీలో కనిపించే పదకొండు మందే. ఇంగ్లండ్‌లో అలా కాదు. అక్కడ, పక్కనున్న వేల్స్‌తో కలిపి, 18 ఫస్ట్‌క్లాస్ కౌంటీలున్నాయి. అంటే జిల్లాల్లాంటి ప్రాంతాల పేరుతో ఆడే ప్రొఫెషనల్ జట్లు. కౌంటీ ఆటగాడంటే కాంట్రాక్ట్ మీద జీతం తీసుకునే ఉద్యోగి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగు రోజుల చాంపియన్‌షిప్ మ్యాచ్‌లు, టీ20 బ్లాస్ట్, వన్డే కప్ ఆడతాడు. వాళ్లలో ఎక్కువమంది ఇంగ్లండ్ టోపీ ఎన్నడూ పెట్టుకోరు. అయినా ఇల్లు కొనుక్కుంటారు, పిల్లల్ని పెంచుకుంటారు, ఊళ్లో గౌరవంగా బతుకుతారు.

మీ ఊరివాడి కథే చెబుతాను. డారెన్ స్టీవెన్స్ 1976లో లెస్టర్‌లో పుట్టాడు. 1997లో లెస్టర్‌షైర్ తరఫున ఫస్ట్‌క్లాస్ క్రికెట్ మొదలుపెట్టాడు. అప్పట్లో అతను బ్యాటరే, బౌలింగ్ ఉందంటే ఉంది, లేదంటే లేదు. 2005లో కెంట్‌కు మారాడు. అక్కడ మెల్లగా బౌలింగ్ చేయడం ఎక్కువైంది. అతని వికెట్లలో పెద్ద వాటా 35 ఏళ్లు దాటాక వచ్చినవే. ఇంగ్లండ్ సీనియర్ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2022లో 46 ఏళ్ల వయసులో కెంట్‌తో కలిసి వన్డే కప్ గెలిచి అక్కడి పని ముగించాడు. అప్పటికి ఫస్ట్‌క్లాస్‌లో 16 వేలకు పైగా పరుగులు, దాదాపు 590 వికెట్లు. పాతికేళ్ల సర్వీసు!

అతని ఆటలో ఒక్క రోజు చూడండి. 2021 మే, క్యాంటర్‌బరీ, గ్లమోర్గన్‌తో మ్యాచ్. కెంట్ 128 పరుగులకే 8 వికెట్లు పోగొట్టుకుంది. స్టీవెన్స్‌కు అప్పటికి 45 నిండాయి. మిగెల్ కమిన్స్‌ను అవతలి ఎండ్‌లో నిలబెట్టి తొమ్మిదో వికెట్‌కు 166 పరుగులు జోడించాడు. అందులో కమిన్స్ కొట్టింది ఒకే ఒక్క పరుగు. స్టీవెన్స్ 149 బంతుల్లో 190 చేశాడు, సిక్సర్లే 15. అదే రోజు బంతి అందుకుని ఆస్ట్రేలియా బ్యాటర్ మార్నస్ లబుషేన్‌ను 11 పరుగులకే ఇంటికి పంపాడు. దీనికి కొద్ది వారాల ముందే క్రికెట్ వార్షిక గ్రంథం విజ్డెన్ అతన్ని ఏడాది అయిదుగురు మేటి క్రికెటర్లలో ఒకడిగా ఎంచింది. 1933లో ఎంపికైన యూవర్ట్ ఆస్టిల్ తర్వాత అంత పెద్ద వయసువాడు ఇతనే. ఆస్టిల్ కూడా లెస్టర్‌షైర్ ఆల్‌రౌండరే. ఆ 1933 అయిదుగురిలో మన సి.కె. నాయుడు కూడా ఉన్నారు. తెలుగు కుటుంబంలో పుట్టి నాగ్‌పూర్‌లో పెరిగిన ఆయనా ఆల్‌రౌండరే. మీవాడికి ఈ ముక్క చెప్పండి, సరదాపడతాడు.

అయితే ఇదే కథలో మీరు గట్టిగా చదవాల్సిన పేజీ ఇంకొకటుంది. 2019లో సీజన్ మధ్యలోనే కెంట్ అతనికి చెప్పేసింది, ఈ ఏడాది తర్వాత కొత్త కాంట్రాక్ట్ లేదని. టీ20 బ్లాస్ట్‌కి డెర్బీషైర్‌కు లోన్ మీద పంపింది. సెప్టెంబరులో హెడింగ్లీలో యార్క్‌షైర్ మీద 237 కొట్టి, అదే మ్యాచ్‌లో 20 పరుగులకు 5 వికెట్లు తీశాక కెంట్ మనసు మార్చుకుని మళ్లీ సంతకం చేయించుకుంది. 43 ఏళ్ల మనిషి, ఆ క్లబ్‌కు పదిహేనేళ్లు ఆడినవాడు, ఆ రెండు నెలలు ఇంట్లో ఎలా గడిపి ఉంటాడో ఆలోచించండి. ఈ ఉద్యోగం స్వరూపం అదే. కాంట్రాక్ట్ ఏడాదికో, రెండేళ్లకో, మూడేళ్లకో. ఆగస్టు, సెప్టెంబరు వచ్చిందంటే డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరిని ఉంచుతారు, ఎవరిని పంపుతారు అన్న మాటలే. పేరున్నవాడికే అలా జరిగితే, ఇరవయ్యేళ్లకు మొదటి కాంట్రాక్ట్ అయిపోయిన కుర్రాడి సంగతి చెప్పాలా?

అందుకే రెండో మనిషి గురించి కూడా చెబుతాను. నాకు తెలిసి కౌంటీ ఆటగాళ్ల తల్లిదండ్రులు స్టీవెన్స్ కంటే ముందు చదవాల్సింది ఇతన్నే. జఫర్ అన్సారీ, సర్రే ఆల్‌రౌండర్. ఎడమచేతి స్పిన్, ఎడమచేతి బ్యాటింగ్. ఆడుతూనే కేంబ్రిడ్జ్‌లో చదివి డబుల్ ఫస్ట్ (డిగ్రీ రెండు దశల పరీక్షల్లోనూ ఫస్ట్‌క్లాస్) తెచ్చుకున్నాడు. 2016లో ఇంగ్లండ్‌కు మూడు టెస్టులు ఆడాడు. విశాఖపట్నంలో జరిగిన మొట్టమొదటి టెస్టు ఉంది చూశారూ, అందులోనూ ఉన్నాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, సీజన్ మొదలయ్యే వేళ, 25 ఏళ్లకే ఆట వదిలేశాడు. జీవితంలో చేయాల్సిన పనులు వేరే ఉన్నాయని, లా వైపు ఆలోచిస్తున్నానని చెప్పాడు. మన బంధువుల్లో ఎవరైనా ఇలా చేస్తే ‘దేశానికి ఆడి వదులుకున్నాడా, పిచ్చా?’ అంటాం. కానీ అతను వదులుకోగలిగాడు. అంటే చేతిలో ఇంకో దారి ఉంది. స్టీవెన్స్ 46 దాకా ఆడటమూ, అన్సారీ 25కు మానేయడమూ రెండూ ఈ వృత్తిలో మామూలు విషయాలే. మీవాడు ఏ కోవకు చెందుతాడో పదహారేళ్లప్పుడు మీరూ చెప్పలేరు, వాడూ చెప్పలేడు. అందుకని ఎ-లెవెల్స్ (సిక్స్త్ ఫార్మ్‌లో రాసే పరీక్షలు) ఆపొద్దు. ‘రెండు పడవల మీద కాళ్లు’ అని మీవాడు వాదించవచ్చు. క్రికెట్‌లో బ్యాటింగ్, బౌలింగ్ రెండూ చేస్తానంటున్నవాడు ఆ మాట ఎలా అంటాడని తిరిగి అడగండి.

చదువు, ఆట కలిపి నడిపే ఏర్పాటు ఇంగ్లండ్‌లో బాగానే ఉంది. మీకు లఫ్‌బరో యూనివర్సిటీ కూతవేటు దూరం. ఇంగ్లండ్ బోర్డు జాతీయ శిక్షణ కేంద్రం ఉన్నది ఆ క్యాంపస్‌లోనే. ఇక ప్రొఫెషనల్ క్రికెటర్స్ అసోసియేషన్ అని ఆటగాళ్ల సంఘం ఒకటుంది, 1967 నుంచి పనిచేస్తోంది. కాంట్రాక్ట్ సంతకం చేశాక ఆట తర్వాతి ఉద్యోగం గురించి సలహా ఇవ్వడానికి వాళ్ల మనుషులు కౌంటీలకు వచ్చి కూర్చుంటారు. ఆ సదుపాయాన్ని మొదటి ఏడాది నుంచే వాడుకోవాలి. చాలామంది కుర్రాళ్లు దెబ్బ తగిలాకే వాళ్ల నంబరు వెతుకుతారు.

ఇప్పుడు కోచ్ అన్న మాట. అందులో సగం నిజముంది. పూర్వం ఆల్‌రౌండరంటే లెక్క వేరు. 1906లో యార్క్‌షైర్ జార్జ్ హర్స్ట్ ఒకే సీజన్‌లో 2,385 పరుగులు, 208 వికెట్లు సాధించాడు. అప్పట్లో మ్యాచ్‌లు కుప్పలుతెప్పలు. ఇప్పుడు చాంపియన్‌షిప్‌లో 14 మ్యాచ్‌లే. సీజన్‌కు వెయ్యి పరుగులు, వంద వికెట్లు అన్న పాత కొలమానాన్ని 1988లో ఫ్రాంక్లిన్ స్టీఫెన్సన్ తర్వాత ఎవరూ అందుకోలేదు. ఇవాళ కౌంటీలు చూసేది వేరు. రెండింటిలో ఒకదాని బలంతోనే జట్టులో చోటు దొరకాలి. రెండోది ఆ చోటును కాపాడాలి, కాంట్రాక్ట్‌ను ఇంకో రెండేళ్లు పొడిగించాలి. మీ ఊళ్లోనే రెహాన్ అహ్మద్ ఉన్నాడు. ముందు లెగ్‌స్పిన్‌తో తలుపు తట్టాడు. 2022 డిసెంబరులో కరాచీలో 18 ఏళ్లకే టెస్టు ఆడి రెండో ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు. బ్యాటింగ్ తర్వాత పెరిగింది. 2025లో లెస్టర్‌షైర్ రెండో డివిజన్ గెలిచి పైకి వెళ్లిందంటే అందులో అతని సెంచరీల పాత్ర పెద్దది. కాబట్టి మీవాడు ఏదీ వదులుకోనక్కర్లేదు. వాణ్ని జట్టులోకి తెచ్చేది ఏదన్నది మాత్రం ఈ శీతాకాలంలోనే తేలాలి.

నా అభిప్రాయం అడిగితే, మీడియం పేస్ దగ్గర కాస్త జాగ్రత్త. స్టీవెన్స్ గంటకు 110 కిలోమీటర్ల అటూ ఇటూ వేసేవాడు. కీపర్ స్టంప్స్‌కు ఆనుకుని నిలబడేవాడు. ఏప్రిల్ చలిలో, పచ్చిక ఉన్న పిచ్ మీద, కుట్టు పైకి తేలిన డ్యూక్స్ కంపెనీ బంతితో ఆ వేగం చాలు. ఆ రకం బౌలింగ్ మీదే కౌంటీలు బతకడం ఇంగ్లండ్ బోర్డుకు నచ్చలేదు. వేగం, స్పిన్ పెరగాలని 2023 నుంచి కొన్ని రౌండ్లు కుట్టు త్వరగా అణిగిపోయే కూకబుర్రా బంతితో ఆడించి చూసింది. టీ20లో అయితే ఆ వేగానికి బౌండరీలు తప్పవు, చేతిలో నాలుగు రకాల స్లో బంతులు ఉంటే తప్ప. ఆరో నంబరు బ్యాటింగ్, మీడియం పేస్ అన్న బయోడేటా ప్రతి కౌంటీ అకాడమీలోనూ అరడజను మందిది. మీవాడు ఇంకాస్త ఎత్తు పెరిగే సూచన ఉంటే వేగం పెంచుకోవాలి. లేదంటే నాలుగో నంబరు బ్యాటర్‌గా ఎదిగి, బౌలింగ్‌ను అదనపు ఆదాయంగా ఉంచుకోవాలి.

వేగం పెంచుకునే దారిలో వెళ్తే నడుము జాగ్రత్త. ఈ వయసు ఫాస్ట్ బౌలర్లకు నడుము ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్ రావడం బాగా కనిపించే సమస్య. కుర్రాళ్లు ఒక స్పెల్‌లో, ఒక రోజులో ఎన్ని ఓవర్లు వేయాలో బోర్డు పరిమితులు పెట్టింది. చిక్కెక్కడంటే, బుధవారం స్కూల్‌కి, శనివారం క్లబ్‌కి, ఆదివారం కౌంటీకి వేస్తాడు. ముగ్గురు కోచ్‌లూ ఎవరి మ్యాచ్ లెక్క వాళ్లు చూసుకుంటారు. వారం మొత్తం లెక్క, నెట్స్‌తో సహా, ఇంట్లో ఎవరో ఒకరు రాసిపెట్టాలి. ఆ పని మీరు తీసుకోండి. వాడి బ్యాటింగ్ స్టాన్స్ సరిచేయడం కంటే మీ వల్ల వాడికి ఇది ఎక్కువ మేలు.

అవకాశం ఎప్పుడొస్తుందో కూడా తెలుసుకోండి. 2021 నుంచి ఆగస్టులో ది హండ్రెడ్ అనే వంద బంతుల టోర్నీ జరుగుతోంది. కౌంటీల పేరున్న ఆటగాళ్లంతా అటు వెళ్లిపోతారు. అదే సమయంలో వన్డే కప్ నడుస్తుంది, అప్పుడు సెకండ్ ఎలెవన్ (కౌంటీ రెండో జట్టు) కుర్రాళ్లకు పెద్ద జట్టు తలుపు తెరుచుకుంటుంది. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లవాడు ఆ నెలకు ఫిట్‌గా ఉండటం చాలా ముఖ్యం. కుటుంబమంతా విజయవాడ పెళ్లికి ఆగస్టులో టికెట్లు కొనేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.

ఇంకో సంగతి మీ లేఖలో లేదు, కానీ అడగక తప్పదు. మీవాడికి బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉందా? ఇంగ్లండ్ అర్హత ఉన్న ఆటగాడిగా లెక్కలోకి రావాలంటే పౌరసత్వం కావాలి. అక్కడ పుట్టనివాళ్లకు మూడేళ్ల నివాసం కూడా ఉండాలి. 2018లో తగ్గించక ముందు కొందరికి అది ఏడేళ్లుండేది. మీకు నివాసం సమస్య కాదు. పాస్‌పోర్ట్ కాగితాలు మాత్రం మన వాళ్లు ‘ఇండియా పౌరసత్వం పోతుంది కదా’ అని వాయిదా వేస్తుంటారు. కౌంటీ పిలిచాక పరుగెత్తితే ఆలస్యమైపోతుంది. అవకాశం అందక ఆగిపోయిన బ్రిటిష్ ఆసియా కుర్రాళ్లను కౌంటీల ముందు నిలబెట్టడానికి సౌత్ ఏషియన్ క్రికెట్ అకాడమీ కూడా బర్మింగ్‌హామ్ కేంద్రంగా పనిచేస్తోంది. మీవాణ్ని కౌంటీ అకాడమీలోకి తీసుకోకపోతే ఆ దారి గుర్తుంచుకోండి.

ఇది చదివి ‘మా అబ్బాయిని గుంటూరు నుంచి కౌంటీకి పంపొచ్చా’ అని అడగబోయేవారికి ఒక్క మాట. కౌంటీ చాంపియన్‌షిప్ తుది జట్టులో విదేశీయులు ఇద్దరికి మించి ఉండరు. వార్విక్‌షైర్‌కు 2021లో హనుమ విహారి, 2022లో సిరాజ్, హాంప్‌షైర్‌కు 2025లో తిలక్ వర్మ వెళ్లారు. ముగ్గురూ భారత్‌కు ఆడాకే వెళ్లారు. స్టూడెంట్ వీసా మీద వెళ్లి ప్రొఫెషనల్‌గా ఆడటం కుదరదు, వీసా షరతుల్లోనే ఆ మాట ఉంటుంది. ఏజెంట్లు చెప్పే ‘కౌంటీ ట్రయల్స్ ప్యాకేజీ’ అన్నది వింటే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

మళ్లీ మీ విషయానికి వస్తాను. సీజన్ అయ్యాక కౌంటీ వాళ్లు పిల్లల ప్రగతి గురించి మాట్లాడటానికి పిలుస్తారు. ఆ మీటింగ్‌లో ‘మావాడు బాగా ఆడుతున్నాడా’ అని అడక్కండి, మర్యాదకు బాగానే ఉందంటారు. వచ్చే ఏడాది వాణ్ని అకాడమీకి పరిశీలిస్తున్నారా లేదా, పరిశీలిస్తే బ్యాటర్‌గానా బౌలర్‌గానా, పద్దెనిమిదికి ఏ స్థాయిలో ఉండాలని అనుకుంటున్నారు, ఈ శీతాకాలం దేని మీద పనిచేయమంటారు అని అడగండి. వీలైతే ఆ ప్రశ్నలు మీవాడి చేతే అడిగించండి. సిక్స్త్ ఫార్మ్ ఎంచుకునేటప్పుడు ఏప్రిల్, మే నెలల్లో మ్యాచ్‌లకు సెలవిస్తారా, పోయిన పాఠాలు ఎలా చెబుతారు అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. కౌంటీ వాళ్ల జవాబులతో మళ్లీ రాస్తే, ఎ-లెవెల్స్‌లో ఏ సబ్జెక్టులు సరిపోతాయో అప్పుడు చూద్దాం.