వీధి ప్రార్థన ఆపేయాలా అని అడిగారు కదా, మా పేటలో ఏం జరిగిందో చెప్తాను

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ వీధిలో 20 ఏళ్లుగా ప్రార్థన గుంపు నడుస్తోంది, ఇప్పుడు ఉత్త అలవాటుగా మిగిలింది, అసలు ఎందుకు మొదలెట్టారో ఎవరూ చెప్పలేకపోతున్నారు, ఆపేయాలా ఉంచాలా అని. నేను పాస్టర్ని కాదండి. అలాంటి గుంపులోనే పదేళ్లు యాంప్లిఫయర్ మోసినవాణ్ణి.

మాది కోనసీమలో రాజోలు వైపు, ఏటిగట్టు పక్కన పేట. బుధవారం సాయంత్రం ప్రార్థన. నా చేతికొచ్చేసరికే దానికి రేకుల షెడ్డు, రెండు పెద్ద బాక్సులు, కీబోర్డు, ఏడాదికోసారి మూడు రోజుల సభలు, సెంటర్లో ఫ్లెక్సీలు, అన్నీ ఉన్నాయి. డబ్బు ఎక్కువ కువైట్, మస్కట్ నుంచే. మా వైపు సంగతి తెలిసిందే కదా, ఆడవాళ్లు చాలామంది గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లి ఉంటారు, వాళ్లు అక్కడ ఒకరి ఇంట్లో అంట్లు తోమి పంపిన కానుకతో మేం ఇక్కడ బాక్సులు కొన్నాం. రాస్తుంటే సిగ్గుగానే ఉంది, ఎందుకో కింద చెప్తా.

షెడ్డుకి నాలుగిళ్ల అవతల ఒక మామ్మ ఉండేది, కూతురు కువైట్‌లో, ఇంట్లో ఒక్కతే. బాత్రూం దగ్గర జారి పడి తుంటి విరిగింది. పక్కింటివాళ్లు ఆటో ఎక్కించి అమలాపురం తీసుకెళ్లారు, తీసుకొచ్చారు, రోజూ గంజి కాచి పట్టారు. వాళ్లు మా సంఘం కాదు, అసలు క్రైస్తవులే కాదు. మాకు ఎప్పుడు తెలిసిందనుకున్నారు, ఐదు వారాలకి, అదీ కూతురు నాకు వాట్సాప్‌లో వాయిస్ పెడితే. తిట్టలేదండి పాపం. "అన్నయ్యా, మీ పాటలు అమ్మకి మంచం మీదకి బాగా వినపడతన్నాయంట, ఒక్కళ్లొచ్చి చూసెళ్తే బాగుండు అంటంది" అంది, అంతే. ఆ ఐదు బుధవారాలూ రోగుల కోసం మైకులో ప్రార్థన చేశాం మేం. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఆ రాత్రి మా అమ్మని అడిగా, అసలిది ఎవరు పెట్టారే అని. "పెట్టడం ఏంట్రా, ఎవరూ పెట్టలేదు" అంది. 1996 తుఫాను తర్వాత మొదలైందంట. ఆ తుఫానుకి వెయ్యిమందికి పైగా పోయారు, కోనసీమలో కొబ్బరి తోటలు తోటలే నేలకొరిగిపోయాయి, నాకప్పుడు ఎనిమిదేళ్లు, ఆ గాలి మోత ఇప్పటికీ చెవుల్లో ఉంది. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, చీకటి పడితే భయం, అందుకని ఐదారుగురు ఆడవాళ్లు లాంతరు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి ఎవరు తిన్నారు ఎవరు తినలేదు అని చూసొచ్చేవాళ్లంట. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసేవాళ్లు, ఆ డబ్బా వెంట తీసుకెళ్లేవాళ్లు. ఎక్కడ ఎవరు ఏడుస్తుంటే అక్కడే కూర్చుని ప్రార్థన. నవంబర్ 6 బుధవారం రాత్రి కదా తుఫాను కొట్టింది, అందుకే బుధవారం. ఇన్నేళ్లు వచ్చాను గానీ బుధవారమే ఎందుకని నేను ఒక్కసారి కూడా అడగలేదు. "ప్రార్థన దారిలో జరిగేదిరా, మేం వెళ్లింది మనుషుల్ని లెక్కెట్టుకోడానికి" అంది అమ్మ.

మర్నాడు జమాఖర్చుల పుస్తకం తిరగేశా. మైకు రిపేరు, షామియానా, ప్రసంగీకుల దారి ఖర్చు, భోజనాలు. విధవరాళ్లకి అని ఒక్క రూపాయి లేదు. పిడికెడు బియ్యాన్ని కొన్నాళ్లు అమ్మి కానుకలో కలిపారంట, తర్వాత అదీ ఆగిపోయింది. మీరూ ముందు ఆ పుస్తకం చూడండి, మనం నోటితో ఏం చెప్పినా అసలు దేనికి నడుపుతున్నామో అందులో ఉంటది.

కమిటీలో చెప్తే గొడవే అయ్యింది. మన పని సువార్త గానీ బియ్యం పంచడం కాదు అన్నారు ఒక పెద్దాయన. నేను అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం తీశా. అక్కడ "అనుదిన పరిచర్య" అంటే స్టేజీ కాదు కదండీ, విధవరాళ్లకి తిండి పెట్టడం, అందులో కొంతమందిని చిన్నచూపు చూశారనే కదా సణుగుడు మొదలైంది, ఆ పని చూడ్డానికే కదా ఏడుగురిని పెట్టారు. ఇంకో మాట కూడా అన్నా, 1836లో ఇంగ్లండు నుంచి ఇండియాకి వచ్చి తర్వాత మన గోదావరి డెల్టాలో పనిచేసిన బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీల్లో ఒకాయన రాతి మేస్త్రీ, ఇంకొకాయన చెప్పులు కుట్టేవాడు, తర్వాత ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట కడుతుంటే బౌడెన్ కూలీల దగ్గరికే వెళ్లాడు గానీ షెడ్డు వేసి రమ్మనలేదు అని. పెద్దాయన ఒప్పుకోలేదు లెండి, లేచి వెళ్లిపోయాడు.

ఇప్పుడేం చేస్తున్నామంటే, బుధవారం షెడ్డుకి తాళం. పోయిన వారం ఎవరు కనపడలేదో వాళ్లింటికే వెళ్తాం, మైకు లేదు, డబ్బా మళ్లీ మొదలైంది. పేటలో ఒంటరిగా ఉన్న ముసలివాళ్ల పేర్లు, వాళ్ల పిల్లల గల్ఫ్ నంబర్లు ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాం. బియ్యం ఇచ్చి మతం మారుస్తున్నారంటారు అని కుర్రాళ్లు భయపడ్డారు, ఆ భయం తప్పేం కాదు కూడా, అందుకని ఒంటరిగా ఉంటే ఎవరికైనా ఇస్తాం, వేరే మతం వాళ్లింట్లో అడిగితే తప్ప ప్రార్థన చెయ్యం, కరపత్రం అసలు తీసుకెళ్లం.

అంతా బాగుందని చెప్పను. 60 మంది వచ్చేచోట ఇప్పుడు 15, 16 మందిమే తిరుగుతున్నాం, పాటలు ఇష్టపడే కుర్రాళ్లు వేరే సభలకి పోయారు, వానాకాలం బురదలో రెండు వారాలు మేమూ ఎగ్గొట్టాం. మామ్మ మాత్రం మేం వెళ్తే "ఇవాళ ఎవరు రాలేదు" అని పేరుపేరునా అడుగుద్ది.

మీరు ఆపాలా ఉంచాలా అన్నది ఇప్పుడే తేల్చకండి, మీ గుంపు మొదలైనప్పుడు ఉన్న ముసలివాళ్లు ఇంకా ఉంటే ఈ వారమే వెళ్లి అడగండి, ఫోన్లో కాదు, వెళ్లి. మా దగ్గర ఆ లాంతరు పట్టుకున్నవాళ్లలో మా అమ్మతో కలిపి ఇద్దరే మిగిలారు. బాక్సులు అమ్మకానికి పెట్టాం, ఒకదానికి ఎలకలు వైర్లు కొరికేశాయి, రెండోది బానే ఉంది, మీకు తెలిసినవాళ్లెవరైనా కొంటారేమో చెప్పండి.