‘ఎఫ్’ అక్షరం ఖరీదు ఎవరు భరించాలి?

ప్రశ్న: మాది పాలకొల్లు. పెళ్లిళ్లకు ఫోటోలు, వీడియోలు తీసి, ఎడిటింగ్ కూడా నేనే చేసి ఇస్తూ బతుకుతున్నాను. పాత కంప్యూటర్ మొరాయిస్తుంటే విడిభాగాలు కొని ఇంట్లోనే బిగించుకుందామనుకున్నాను. రాజమహేంద్రవరంలోని ఒక దుకాణానికి వాట్సాప్‌లో నా అవసరం వివరించి, ‘గ్రాఫిక్స్ కార్డు తర్వాత కొంటాను, ప్రస్తుతానికి అది లేకుండా నడవాలి’ అని రాశాను. ‘ఈ సెట్ సరిపోతుంది’ అంటూ వారు జాబితా పంపారు. ఇంటెల్ ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ అక్కడే కొన్నాను. ఎస్ఎంపీఎస్ (భాగాలకు కరెంటు అందించే పెట్టె), ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే డ్రైవు) ఆన్‌లైన్‌లో తెప్పించాను. స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ తెర మీద ఏమీ రావడం లేదు. కొని 12 రోజులైంది. ‘మీరే బిగించారు, మాకు సంబంధం లేదు’ అంటున్నారు. బిల్లు మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ఉంది. పైగా వ్యాపారానికి కొన్నాను కాబట్టి వినియోగదారుల కేసు చెల్లదట. కావాలంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఊరికే వేసిస్తామంటున్నారు. బిల్లు ఫోటో జత చేశాను. నాకు దారి ఉందా?

జవాబు: ఉంది. అయితే మీరు అనుకుంటున్న దారి కాకపోవచ్చు.

మీ ఉత్తరంలో చట్టం కంటే ముందు నా కంట పడింది 12400 పక్కనున్న ‘ఎఫ్’. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఆ అక్షరం ఉంటే, బొమ్మ చూపించే గ్రాఫిక్స్ అందులో పనిచేయదని అర్థం. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండి తీరాలి. మదర్‌బోర్డు వెనక హెచ్‌డీఎంఐ సాకెట్ కనిపిస్తుంది, కేబుల్ చక్కగా కూర్చుంటుంది, మానిటర్ మాత్రం ‘సిగ్నల్ లేదు’ అని చెప్పి నిద్రపోతుంది. ఇది లా పుస్తకాలు చదివితే వచ్చిన తెలివి కాదు. మా అబ్బాయి కంప్యూటర్‌కు నేనే భాగాలు ఎంపిక చేసి, రెండు రాత్రులు ర్యామ్ పీకి పెట్టుకుంటూ కూర్చున్నవాణ్ణి.

కాబట్టి ముందు తెలిసినవాళ్ల దగ్గర ఒక చిన్న గ్రాఫిక్స్ కార్డు అడిగి తెచ్చి పెట్టి చూడండి. మానిటర్ కేబుల్‌ను బోర్డుకు కాకుండా ఆ కార్డుకే తగిలించండి. బొమ్మ వస్తే మీరు కొన్న భాగాల్లో ఏదీ చెడిపోలేదన్నమాట. అది తేల్చుకోకుండా ‘లోపమున్న సరుకు అమ్మారు’ అని నోటీసు ఇస్తే, వాళ్ల వకీలు ఇదే పని వినియోగదారుల కమిషన్ ఎదుట చేసి చూపిస్తాడు. మీ కేసు అక్కడితో సరి.

చెడిపోయిన సరుకు వేరు, పనికిరాని సలహా వేరు. మీది బహుశా రెండోది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం వస్తువు అవసరం గురించి గానీ, ఉపయోగం గురించి గానీ తప్పుదోవ పట్టించే మాట చెప్పి అమ్మడం అనుచిత వాణిజ్య పద్ధతి. ‘కార్డు లేకుండా నడవాలి’ అని మీరు రాయడం, ‘సరిపోతుంది’ అని వారు జవాబివ్వడం, ఈ రెండు వాక్యాలే మీ కేసు. జాబితాలో ఎఫ్ అని ఉంది కదా, చూసుకోవలసింది కొనేవాడే కదా అని వాళ్లంటారు. అందులో కొంత బలం లేకపోలేదు. కానీ అవసరం ఫలానా అని స్పష్టంగా రాసి అడిగినవాడికి ఆ వాదన అంతగా అడ్డు రాదని నా అభిప్రాయం. స్క్రీన్‌షాట్లు తీసుకున్నాం కదా అని ఫోనులోని అసలు సంభాషణ చెరిపేయకండి. ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఇవ్వవలసిన ధ్రువపత్రం కూడా సిద్ధంగా ఉంచుకోండి. కమిషన్లు సాక్ష్యం విషయంలో సివిల్ కోర్టులంత పట్టు పట్టవు గానీ, ఉంటే నష్టం లేదు.

నాకు దిగులు కలిగించింది మీ బిల్లు. ‘కంప్యూటర్ పార్ట్స్ – 1 సెట్’ అని ఒకే వరుస, కింద మొత్తం. ఏ ప్రాసెసర్, ఏ బోర్డు, ఎంత ర్యామ్ అన్నది లేదు. మేం మామూలు 12400 ఇచ్చాం, ఇతనే మార్చుకున్నాడని రేపు వాళ్లంటే ఈ కాగితం మీకు సాయపడదు. బిల్లులో వస్తువు వివరం, పరిమాణం, ధర ఉండాలని 2020 నాటి వినియోగదారుల రక్షణ (సాధారణ) నియమాలు చెబుతున్నాయి. మోడల్, సీరియల్ నంబర్లతో భాగానికొక వరుస చొప్పున బిల్లు మళ్లీ రాసిమ్మని వాట్సాప్‌లోనే అడగండి. ఇవ్వకపోతే ఆ నిరాకరణా మీకు పనికొస్తుంది. పెట్టెల మీది స్టిక్కర్లన్నిటికీ ఫోటోలు తీసి ఉంచండి.

‘మీరే బిగించారు’ అన్నది సాకు. పెట్టెలో పెట్టి విడిగా అమ్మే ప్రాసెసర్‌ను ఎవరో ఒకరు బిగించాల్సిందే. బిగించినందుకు వారంటీ పోదు, బిగించేటప్పుడు పాడు చేస్తే పోతుంది. ఈ రకం బోర్డులో వెంట్రుకంత సన్నని పిన్నులు 1700, ప్రాసెసర్ కింద సాకెట్‌లోనే ఉంటాయి. ఒక్కటి వంగినా అవతలివారికి అసలైన ఆయుధం దొరికినట్టే. వంగినట్టు కనిపిస్తే సూదితో సరిచేయబోకండి. సాకెట్ మీద వచ్చిన నల్లటి ప్లాస్టిక్ మూత పారేయకుండా ఉంటే, బోర్డు వెనక్కి పంపాల్సి వచ్చినప్పుడు అది తప్పనిసరిగా బిగించాలి.

వాపసు లేదన్న అచ్చు అక్షరాలకు భయపడనక్కరలేదు. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులో, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వననడం కూడా అనుచిత పద్ధతే. కార్డు పెట్టినా బొమ్మ రాకపోతే ఈ నియమం మీకు అక్కరకొస్తుంది. 12 రోజులు ఇప్పటికే గడిచాయి. అప్పుడు ఆన్‌లైన్‌లో కొన్న ఎస్ఎంపీఎస్‌నూ అనుమానించాలి. దాని ఫిర్యాదు మీరు కొన్న ఆన్‌లైన్ వేదికలోని ఫిర్యాదుల అధికారికి పంపండి. 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలో పరిష్కరించాలి.

వ్యాపారం అభ్యంతరానికి జవాబు పాతదే. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి కొని వాడుకునేవాడు వినియోగదారుడేనని వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) వివరణలోనే ఉంది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు టైప్‌రైటర్ ఉదాహరణ ఇచ్చింది: కూలికి ఇతరుల కాగితాలు టైపు చేయడానికి మిషను కొని తానే వాడుకునేవాడు వినియోగదారుడే. సాయానికి ఒకరిద్దరున్నా ఫరవాలేదు. టైప్‌రైటర్ ఉన్న చోట మీ కంప్యూటర్ పెట్టి చదువుకోండి.

ఊరికే వేసిస్తామన్న సాఫ్ట్‌వేర్ జోలికి మాత్రం పోవద్దు. దొంగ కాపీ అని తెలిసి వాడడం కాపీరైట్ చట్టం సెక్షన్ 63బి కింద నేరం. మీరు దాంతో సంపాదిస్తారు కనుక కనీసం 7 రోజుల జైలు, 50 వేల జరిమానా.

ఇక ఏం కోరాలి? ఎఫ్ లేని 12400 ఇచ్చి, ఇది తీసుకోమనండి. ఎఫ్ రకం మామూలుగా కాస్త చవక. ఆ తేడా మీరు ఇవ్వడమే న్యాయం. మొదటే సరైనది చెప్పి ఉంటే మీరు పెట్టాల్సిన డబ్బే అది. ఒకసారి వాడిన ప్రాసెసర్‌ను వెనక్కి తీసుకున్నందువల్ల వచ్చే నష్టం మాత్రం దుకాణానిది. ఈ మాటే నోటీసుగా రాసి 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. చాలా గొడవలు ఆ దశలోనే తెగుతాయి. తెగకపోతే జిల్లా కమిషన్‌లో వేయండి. రాజమహేంద్రవరం వెళ్లనక్కరలేదు, మీరు నివసించే చోటు ఏ కమిషన్ పరిధిలో ఉంటే అక్కడే వేయవచ్చు. 2022లో జిల్లాలు మారాయి కాబట్టి పరిధి ఒకసారి సరిచూసుకోండి. 5 లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు, గడువు రెండేళ్లు. నాలాంటి వకీలును పెట్టుకోకుండా మీరే వాదించుకోవచ్చు.

దుకాణం మార్పిడికి ఒప్పుకునే వరకు ప్రాసెసర్‌ను సాకెట్ నుంచి కదిలించకండి. ఒప్పుకున్నాక ఒక్కసారే తీయండి. ప్రాసెసర్ మీది కూలర్ (చల్లబరిచే ఫ్యాను) విప్పడం, వాటి మధ్య పూసిన పేస్టు తుడవడం, పిన్నులన్నీ నిటారుగా ఉన్న సాకెట్, మొత్తం ఆపకుండా వీడియో తీయండి. ఆ పని మీకు నేను నేర్పనక్కరలేదు.