టెక్సస్ జలాశయాల్లో గాలం వేట: కయాక్ ఎంపిక, అమరిక

డాలస్ చుట్టుపక్కలకు కొత్తగా వచ్చి, ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో అపార్ట్‌మెంటులో దిగిన మనవాళ్లు వసంతం రాగానే నన్ను అడిగే ప్రశ్నల్లో ఇది తప్పకుండా ఉంటుంది: "అన్నయ్యా, గట్టు మీద నిలబడి గాలం వేసి వేసి విసుగొచ్చింది, కయాక్ కొనుక్కుందామనుకుంటున్నాను, ఏది కొనమంటారు?" పద్నాలుగేళ్లుగా లూయిస్‌విల్, రే రాబర్ట్స్, గ్రేప్‌వైన్ జలాశయాల్లో కయాక్ మీద, అంటే తెడ్డుతో నడుపుకునే చిన్న పడవ మీద, చేపలు పడుతున్న నేను వారిని తిరిగి అడిగేవి రెండే. దాన్ని మీరొక్కరే కారు పైకి ఎత్తగలరా? నడి చెరువులో నీళ్లలో పడితే ఎవరి సాయమూ లేకుండా మళ్లీ దాని మీదికి ఎక్కగలరా? ఈ రెండింటికీ అవునని చెప్పగలిగితేనే ఆ కయాక్ మీకు తగినది. గాలాలు నిలబెట్టే గొట్టాలు, చేపలను చూపించే తెరలు ఆ తరువాతి సంగతి.

బరువు గురించి ముందుగా చెప్పడానికి కారణం ఉంది. దుకాణంలో కళ్లకు ఆనే పన్నెండు, పదమూడు అడుగుల వేట కయాకులు కుర్చీ, పెడళ్లు, చుక్కానితో కలిపి నూరు పౌన్లు దాటతాయి. రెండో అంతస్తులో ఉంటూ కామ్రీ లాంటి మామూలు కారు నడుపుకునే మనిషికి అది కొన్న నెల నుంచే గుదిబండ అవుతుంది. ఎండలో ఆరు గంటలు చేపలు పట్టి, ఒళ్లు అలసిపోయాక దాన్ని భుజమెత్తు పైకి లేపాల్సి వస్తుందని కొనేనాడు ఎవరికీ తోచదు. కాబట్టి ట్రక్కు గానీ ట్రైలర్ గానీ లేనివారు డెబ్బై పౌన్ల లోపు, పది నుంచి పన్నెండు అడుగుల పొడవున్న కయాక్‌తో మొదలుపెట్టడం మంచిది. కారు పైకప్పు ఎంత బరువు మోయగలదో కారుతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. కయాక్‌ను కట్టడానికి కారు పైన బిగించే ర్యాక్ బరువు కూడా అందులో భాగమేనని మరచిపోవద్దు. అపార్ట్‌మెంటు బాల్కనీలో కయాక్ పెట్టుకోవడానికి చాలాచోట్ల లీజు ఒప్పుకోదు గనుక, డబ్బు కట్టేముందే ఆఫీసులో అడిగి తెలుసుకోండి. అద్దెకు తీసుకునే నిల్వ గది ఖర్చు ఏడాదిలో చవక కయాక్ ధరను మించిపోవచ్చు.

ఇక ఆకారం. నేను కైకలూరు వైపు కొల్లేరు అంచున పెరిగినవాణ్ణి. అక్కడి తాటిదోనె సన్నగా ఉండి నీళ్లను చీల్చుకుంటూ పోతుంది, కానీ అలవాటు లేనివాడు అందులో లేచి నిలబడితే క్షణంలో బోర్లా పడతాడు. కృష్ణలోనూ తుంగభద్రలోనూ తిరిగే పుట్టి అంత సులభంగా ఒరిగిపోదు, కానీ దాన్ని సూటిగా నడపడానికి చేతులు పడిపోతాయి. కయాకుల్లో ఉన్న తేడా కూడా ఇదే. ముప్పై అంగుళాల వెడల్పున్నది దోనె వైపు, ముప్పై ఆరు అంగుళాలది పుట్టి వైపు మొగ్గుతుంది. కూర్చుని గాలం వేసేవారికి ముప్పై రెండు నుంచి ముప్పై నాలుగు అంగుళాల వెడల్పు సరిపోతుంది. నిలబడి వేయాలన్న కోరిక బలంగా ఉంటే ఇంకా వెడల్పైనది కావాలి, కానీ దానితో పాటు బరువు, ఎదురుగాలిలో శ్రమ రెండూ పెరుగుతాయి.

కాళ్లు లోపలికి దూర్చి కూర్చునే రకం చవకగా దొరుకుతుంది. నేను మాత్రం కొత్తవారికి దాన్ని సిఫారసు చేయను. అది తిరగబడితే నిండా నీళ్లు చేరతాయి. ఒంటరిగా నడి నీళ్లలో దాన్ని ఖాళీ చేసి మళ్లీ ఎక్కడం సాధన ఉన్నవారికే కష్టం. పైన కూర్చునే రకానికి అడుగు నుంచి పైదాకా ఆరపార రంధ్రాలు ఉంటాయి, చేరిన నీరు వాటిగుండా దానంతట అదే దిగిపోతుంది. తిరగబడినా తేలుతూనే ఉంటుంది. నడుము తడిసినా పరవాలేదనుకుని దీన్నే ఎంచుకోండి.

కయాక్ మీద రాసి ఉండే మోత సామర్థ్యాన్ని అలాగే నమ్మకూడదు. నాలుగు వందల పౌన్లు అని రాసి ఉంటే, మీ బరువు, సామాను, ఐసు పెట్టె, పట్టబోయే చేపలు అన్నీ కలిపి అందులో మూడింట రెండొంతులకు మించకుండా చూసుకోండి. అంతకు మించితే కయాక్ నీళ్లలోకి కూరుకుపోయి, కూర్చున్న చోట ఎప్పుడూ నీరు నిలిచి, చిన్న అలకే తూగుతుంది.

పెడళ్లున్న కయాక్ గురించి అందరూ అడుగుతారు. హోబీ సంస్థ 1997లో మిరాజ్ డ్రైవ్ పేరుతో తెచ్చిన పద్ధతిలో అడుగున రెండు రెక్కలు పెంగ్విన్ రెక్కల్లా ఆడతాయి; ఇతరులు ఎక్కువగా సైకిల్‌లా తొక్కితే తిరిగే ప్రొపెల్లర్‌ను పెట్టారు. చేతులు ఖాళీగా ఉండటం వేటలో ఎంత సుఖమో అనుభవించినవారికే తెలుస్తుంది. గాలి తోసేస్తున్నా కాళ్లతో అక్కడే నిలదొక్కుకుని గాలం వేయవచ్చు. కానీ ధర బాగా పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, మన జలాశయాల్లో మునిగి ఉన్న చెట్ల మొద్దులు ప్రొపెల్లర్‌కు తగులుకుంటాయి. మొదటి ఏడాది తెడ్డుతోనే తిరగండి. ఏ చేప కోసం ఏ మూలకు ఎంత దూరం వెళ్తారో తెలిశాక పెడళ్ల మీద ఖర్చు పెడితే ఆ డబ్బు వృథా పోదు.

పాతది కొనడం తప్పేమీ కాదు, నా మొదటి కయాక్ పాతదే. బోర్లా తిప్పించి, వెనక అంచున కాంక్రీటు మీద ఈడ్చిన చోట ప్లాస్టిక్ ఎంత అరిగిందో వేలితో నొక్కి చూడండి. నీరు దిగే రంధ్రాల చుట్టూ వెంట్రుక లాంటి పగుళ్లు ఉన్నాయేమో పరిశీలించండి. పైకెత్తి ఊపినప్పుడు లోపల నీళ్ల చప్పుడు వినబడితే ఎక్కడో కారుతోందని అర్థం. వెనక భాగంలో కుడి పక్కన పన్నెండు అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాన్ని గీకేసి ఉంటే ఆ బేరం వదిలేయండి. కొత్తదైనా పాతదైనా, కొనేముందు ఒకటి రెండుసార్లు అద్దెకు తీసుకుని నీళ్లలో కూర్చుని చూడటం తప్పనిసరి.

ఇప్పుడు అమరిక. అన్నిటికంటే ముందు, మిగిలిన ఖర్చంతా తగ్గించుకుని అయినా కొనవలసింది లైఫ్ జాకెట్. టెక్సస్ చట్టం ప్రకారం మనిషికొకటి చొప్పున పడవలో ఉండాలి, పదమూడేళ్ల లోపు పిల్లలు తొడుక్కునే ఉండాలి. పెద్దవారికి తొడుక్కోవాలన్న నిబంధన లేకపోవడమే ప్రమాదానికి మూలం. అమెరికా కోస్ట్ గార్డ్ ఏటా ప్రకటించే లెక్కల్లో, పడవ ప్రమాదాల్లో మునిగి చనిపోయిన పదిమందిలో ఎనిమిది మందికి పైగా జాకెట్ వేసుకోనివారే. ఇక్కడి చెరువుల్లో మన తెలుగు పిల్లలు మునిగిపోయారన్న వార్త చదివిన ప్రతిసారీ నాకు కడుపు తరుక్కుపోతుంది.

నేనూ మొదటి ఏడాది జాకెట్‌ను కుర్చీ వెనక తాడుతో కట్టి ఉంచేవాణ్ణి. మార్చి నెలలో ఒక ఉదయం, లూయిస్‌విల్‌లో, ఎరల పెట్టె కోసం కూర్చున్న చోటినుంచే ఒళ్లు తిప్పి వెనక్కి వంగాను. కయాక్ మెల్లగా ఒరిగింది, ఒరుగుతోందని తెలిసేలోపే నీళ్లలో ఉన్నాను. చల్లదనానికి ఊపిరి ఒక్కసారిగా లోపలికి లాక్కుంది, దానితో పాటు నీళ్లూ వెళ్లాయి. జాకెట్ నాకు రెండడుగుల దూరంలోనే ఉంది, దాని ముడి విప్పడానికి వేళ్లు కదల్లేదు. తిరగబడిన కయాక్ అంచును పట్టుకుని కాళ్లు కొట్టుకుంటూ గట్టు చేరేసరికి చేతులు నావి కానట్టు అయిపోయాయి. చల్లని నీళ్లలో పడినవారికి ఊపిరి సర్దుకోవడానికి ఒక నిమిషం, చేతులు పనిచేసేది పది నిమిషాలు, ఒళ్లు పూర్తిగా చల్లబడి స్పృహ తప్పేలోపు సుమారు గంట అని ఇక్కడి రక్షణ శిక్షకులు నేర్పే లెక్క ఎంత నిజమో ఆ రోజు తెలిసింది. బయట డెబ్బై డిగ్రీల ఫారన్‌హీట్ ఎండ కాస్తున్నా మార్చిలో నీరు చలికాలపు నీరే. గాలి వేడిని కాక నీటి చలిని చూసి బట్టలు వేసుకోండి. వేటకు అనువుగా వీపు పైభాగంలో మాత్రమే మెత్త ఉండే జాకెట్లు దొరుకుతాయి, అవి ఎత్తైన కుర్చీకి అడ్డం రావు గనుక రోజంతా వేసుకున్నా బాధ ఉండదు.

తిరిగి ఎక్కడం జూన్‌లో, నీరు వెచ్చగా ఉన్నప్పుడు, స్నేహితుడిని పక్కన పెట్టుకుని, కాళ్లు అందని లోతులో సాధన చేయండి. మొదట కయాక్‌ను మామూలుగా తిప్పుకోవాలి. నడిమికి వచ్చి రెండు చేతులతో ఆవలి అంచును పట్టుకుని, శరీరం నీటి మీద పడుకున్నట్టు అయ్యేదాకా కాళ్లు గట్టిగా కొట్టి, పొట్టను కుర్చీ మీదికి లాక్కోవాలి. అప్పుడు వెల్లకిలా తిరిగి కూర్చుని, చివరన కాళ్లు లోపలికి తీసుకోవాలి. మోకాళ్ల మీద లేవబోతే మళ్లీ పడతారు. ఐదుసార్లు వరుసగా ఎక్కగలిగినవారే చెరువు మధ్యకు వెళ్లాలని నా అభిప్రాయం.

తెడ్డు విషయంలో పొదుపు చేయవద్దు. వెడల్పు కయాక్‌కు 240 నుంచి 260 సెంటీమీటర్ల పొడవున్న తేలికైన తెడ్డు కావాలి. పొట్టిదైతే ప్రతి తోపుకూ అంచుకు తగులుతుంది, నీళ్లు ఒళ్లో పడతాయి. దానికి సన్నని తాడు కట్టి కయాక్‌కు తగిలించండి. ఈలను జాకెట్‌కే కట్టుకోండి, చప్పుడు చేసే సాధనం ఉండాలని చట్టమూ చెబుతుంది. చిన్న కత్తి చేతికందే చోట ఉండాలి.

కత్తి ఎందుకంటే లంగరు కోసం. కయాక్‌కు మూడు పౌన్ల మడత లంగరు చాలు, తాడు మాత్రం లోతుకు మూడు రెట్లైనా ఉండాలి. కొత్తవారు చేసే ప్రమాదకరమైన పొరపాటు ఆ తాడును తమ పక్కన అంచుకు కట్టుకోవడం. గాలికో ప్రవాహానికో తాడు బిగిసినప్పుడు పక్కన కట్టిన కయాక్ అడ్డం తిరిగి బోల్తా పడుతుంది. తాడు ఎప్పుడూ ముందు మొననో వెనక మొననో ఉండాలి. కూర్చున్న చోటి నుంచే దాన్ని మొనదాకా జరుపుకోవడానికి రెండు చివర్లా చిన్న కప్పీలు, మధ్యలో చుట్టుతాడు, ఒక రింగు పెట్టుకుంటారు. ఇరవై ముప్పై డాలర్లలో అయిపోయే ఈ ఏర్పాటు నా కయాక్ మీద అన్నిటికంటే విలువైనది. లంగరు మొద్దులో ఇరుక్కుంటే లాగుతూ కూర్చోకుండా తాడు కోసేయండి.

ఇంక మిగిలినవి చిన్నవే. కుర్చీ వెనక పాలసీసాల ప్లాస్టిక్ డబ్బా ఒకటి పెట్టి, దాని పక్కలకు పీవీసీ గొట్టం ముక్కలు బిగిస్తే గాలాలు నిలబెట్టుకోవడానికి కొన్నవాటికంటే బాగుంటుంది. చేపలను చూపించే యంత్రం రెండో ఏడాది కొనుక్కోవచ్చు. రంధ్రాలు మాత్రం తొందరపడి వేయకండి. ఐదారుసార్లు తిరిగాక, చేయి ఎక్కడికి సహజంగా వెళ్తుందో చూసుకుని, అక్కడ టేపు అంటించి ఇంకో రెండుసార్లు తిరిగి, అప్పుడు డ్రిల్లు పట్టుకోండి. ప్రతి స్క్రూ చుట్టూ పడవలకు వాడే సీలెంట్ పూయాలి.

ఉత్తర టెక్సస్‌లో వసంతమంతా దక్షిణపు గాలి తెంపు లేకుండా వీస్తుంది. నేషనల్ వెదర్ సర్వీస్ సూచన గంటకు పది మైళ్లు దాటితే కొత్తవారు వాగు మూలల్లోనే ఉండాలి, పదిహేను దాటితే ఇంట్లోనే ఉండాలి. వెళ్లేటప్పుడు గాలికి ఎదురు వెళ్లండి, అలసిపోయి తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి మిమ్మల్ని తోసుకొస్తుంది. మరపడవలు దూసుకుపోయే లూయిస్‌విల్ కంటే, పడవలు అలలు లేపకుండా మెల్లగా నడపాలన్న నియమం ఉన్న పర్టిస్ క్రీక్ స్టేట్ పార్క్ చెరువు వంటివి నేర్చుకోవడానికి మేలు.

అనుమతి పత్రం సంగతి చెప్పాలి. పదిహేడేళ్లు నిండినవారికి టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఇచ్చే చేపల లైసెన్సు ఉండాలి. పౌరసత్వంతో దీనికి సంబంధం లేదు, హెచ్1బి వారైనా విద్యార్థులైనా కొనుక్కోవచ్చు. కానీ రాష్ట్రంలో వరుసగా ఆరు నెలలకు పైగా నివసించనివారు బయటివారి రుసుమే చెల్లించాలి. ఏడాది లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది గనుక జులైలో కొనేవారు ఆలోచించుకోండి. స్టేట్ పార్కుల్లో గట్టు మీద నుంచి పట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, కయాక్ ఎక్కిన క్షణం నుంచి కావాలి. తెడ్డుతో నడిచే కయాక్‌కు రిజిస్ట్రేషన్ లేదు. చిన్న బ్యాటరీ మోటారు బిగించినా చేయించాలి. పెద్దనోటి బాస్ (లార్జ్‌మౌత్ బాస్) చేపకు రాష్ట్రవ్యాప్త నియమం కనీసం పద్నాలుగు అంగుళాల పొడవు, రోజుకు ఐదు చేపలు. కొన్ని జలాశయాలకు వేరే కొలతలు ఉంటాయి, వెళ్లే చోటి నియమం ఆ రోజే చూసుకోండి. మనకు ప్రియమైన కొర్రమీను తెలంగాణకు రాష్ట్ర చేపే కావచ్చు, ఇక్కడ మాత్రం ఆ జాతిని స్థానిక చేపలను తినేసే హానికర జీవిగా 2002లోనే ప్రకటించి, ప్రాణంతో దేశంలోకి తేవడాన్ని నిషేధించారు.

ఇంటికి బయలుదేరేముందు, పడవలు నీళ్లలోకి దించే ర్యాంపు పక్కన పది నిమిషాలు కేటాయించండి. టెక్సోమా జలాశయంలో 2009లో కనిపించిన, చెరువులకు చేటు చేసే జీబ్రా ఆల్చిప్పలు ఇక్కడి చాలా చెరువులకు పాకాయి. వాటి పిల్లలు కంటికి కనబడవు, కయాక్‌లో మిగిలిన చెంబెడు నీటిలోనే ఇంకో చెరువుకు చేరతాయి. బిరడా తీసి నీరంతా వంచడం చట్టం. నాచు దులిపి, ఇంట్లో పూర్తిగా ఆరబెట్టాలి. పైకి ఎక్కించాక వెడల్పు పట్టీలతో కట్టండి, పిడి ఆడించి బిగించే రాట్చెట్ పట్టీలు వాడితే వేసవి వేడికి మెత్తబడిన ప్లాస్టిక్ సొట్టపోతుంది. ముందు, వెనక మొనలను కూడా బంపర్ కిందికి తాడుతో కట్టాలి. వెనక నాలుగు అడుగులకు మించి పొడుచుకొస్తే ఎర్రజెండా తగిలించాలి.

ఆ మార్చి ఉదయం తరువాత నేను పెట్టుకున్న అలవాటు ఒకటి ఉంది. నీళ్లలోకి దిగేముందు ర్యాంపు పేరు, కయాక్ రంగు, ఏ వైపుకు వెళ్తున్నాను, ఎన్నింటికి తిరిగి వస్తాను అన్నది ఇంటికి సందేశం పంపుతాను. చెప్పిన సమయానికి గంట దాటినా ఫోను రాకపోతే మా ఆవిడ 911కు ఫోను చేస్తుంది, నన్ను అడగదు.