ఉత్తరం మొదట్లో ‘గం.భా.స.’

సందేహం: మా ముత్తమ్మమ్మ పెట్టెలో ఆవిడ తమ్ముడు రాసిన రెండు ఉత్తరాలు దొరికాయి. 1890ల నాటివి. మొదటిదాంట్లో ఆవిడ పేరుకు ముందు ‘మహాలక్ష్మీ సమానురాలైన’ అని ఉంది. భర్త పోయాక వచ్చిన రెండోదాంట్లో అదే చోట ‘గం.భా.స.’ అని ఉంది. అంటే ఏమిటి? పరామర్శ ఉత్తరమే అయినా అందులో ‘సంతాపం’ అనే మాట ఎక్కడా లేదు. అప్పట్లో వాడేవారు కాదా?

సమాధానం: ‘గంగాభాగీరథీ సమానురాలైన’ అన్నదానికి అది పొట్టిరూపం. మగవారికి ‘మ.రా.రా.శ్రీ’ (మహారాజరాజశ్రీ), చిన్నవయసు ముత్తైదువకు ‘చి.ల.సౌ.’ (చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి) రాసినట్టే, భర్త పోయిన ఆవిడకు ఇది రాసేవారు. భగీరథుడు తెచ్చినది కాబట్టి గంగకే భాగీరథి అని పేరు. ఒకే నదిని రెండు పేర్లతో చెప్పి, అంత పవిత్రురాలివి అన్నారన్నమాట. మరాఠీలోనూ ‘గం.భా.’ ఉంది. 2023లో మహారాష్ట్రలో ‘వితంతువు’ బదులు దీన్నే ప్రభుత్వ వ్యవహారాల్లో వాడదామన్న ప్రతిపాదన వస్తే గట్టి వ్యతిరేకత వచ్చింది.

ఆ వ్యతిరేకత న్యాయమే అంటాను. మాట గౌరవంగానే ఉంది, కాదనను. ‘విధవ’ కాస్తా ‘వెధవ’ అయి తిట్టుగా మారిన భాషలో ఈపాటి మర్యాదకూ విలువుంది. కానీ మీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చూడండి. నిన్నటిదాకా లక్ష్మి, ఇవాళ గంగ. ఓదార్పు మొదలుకాకముందే, పేరు దగ్గరే, ఆవిడ పోగొట్టుకున్నది ఆవిడకు గుర్తు చేశారు. ఆ రోజుల్లో చదువొచ్చిన ఆడవాళ్ళు తక్కువ. ఇంట్లో ఎవరో పైకి చదువుతుంటే, తలుపు చాటున కూర్చుని ఆ కొత్త పిలుపు మొదటిసారి విన్నవాళ్ళు ఎందరో! రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించిన తర్వాత కూడా ఉత్తరాల మర్యాదలు ఇలాగే సాగాయి.

ఇక ‘సంతాపం’. మాట పాతదే, వాడుక వేరు. తాపం అంటే వేడి, సంతాపం అంటే లోపల రగిలే బాధ. అది పోగొట్టుకున్నవాళ్ళది. వచ్చినవాళ్ళు చెయ్యాల్సింది ఓదార్చడం, ఊరడించడం. ‘సంతాపం ప్రకటించారు’ అన్నది పత్రికలూ సభలూ అలవాటు చేసిన మాట. ఊళ్ళో ఇప్పటికీ ‘పలకరించడానికి వెళ్ళాం’ అనే అంటారు. నాకు ఇంతకన్నా మంచి మాట కనిపించదు. వెళ్తారు, పక్కన కూర్చుంటారు, లేచేటప్పుడు ‘వెళ్ళొస్తాం’ అనకుండా వచ్చేస్తారు.

ఇప్పుడు ఏం రాయాలంటే, ‘శ్రీమతి’ చాలు. భర్త పోయినవారికి ఆ మాట రాయకూడదని కొందరు జంకుతారు. అక్కర్లేదు. ‘శ్రీ’ గలది శ్రీమతి, అంతే. అందులో భర్త ప్రసక్తే లేదు.

మీకు దొరికిన ఆ రెండో ఉత్తరం చివర ‘పిల్లల ముఖము చూచి గుండె దిటవు చేసికొనవలెను’ అని ఉందన్నారు. చావుకబురు తెచ్చిన ఉత్తరాన్ని చదివి చింపెయ్యడం మన ఆనవాయితీ. దీన్ని మాత్రం ఆవిడ పెట్టెలో దాచుకున్నారు.