ముగ్గురు రాసే ప్రోగ్రామ్‌కు ఒకే రిపాజిటరీ

ప్రశ్న: మేము ముగ్గురం కలిసి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నాము. కోడ్‌ను పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిపుచ్చుకోవడం వల్ల ఒకరి మార్పులను మరొకరి ఫైలు చెరిపేస్తోంది. బయటి సేవలతో పనిలేకుండా, ఆఫీసులోని లినక్స్ సర్వర్‌లోనే గిట్ రిపాజిటరీ (కోడ్‌నూ, దాని మార్పుల చరిత్రనూ దాచే చోటు) పెట్టుకోవచ్చునా?
— ఒక పాఠకుడు

జవాబు: నిస్సందేహంగా పెట్టుకోవచ్చు. లినక్స్ కెర్నెల్ కోసం 2005లో లినస్ టోర్వాల్డ్స్ రూపొందించిన, కోడ్‌లోని మార్పులను నమోదు చేసే గిట్‌కు ప్రత్యేకమైన సర్వర్ ప్రోగ్రామ్ అక్కరలేదు. ఆ యంత్రంలో గిట్ ఉండి, మీ ముగ్గురికీ ఎస్‌ఎస్‌హెచ్ (మరో కంప్యూటర్‌లోకి సురక్షితంగా ప్రవేశించే పద్ధతి) ద్వారా లాగిన్ అయ్యే ఖాతాలుంటే చాలు. ముగ్గురినీ ఒకే గ్రూపులో చేర్చి, ఆ గ్రూపుకు చెందిన ఫోల్డర్‌లో కొత్త రిపాజిటరీని సృష్టించే ‘గిట్ ఇనిట్’ ఆదేశాన్ని ‘బేర్’, ‘షేర్డ్’ ఆప్షన్లతో ఇవ్వండి. బేర్ రిపాజిటరీలో చరిత్ర తప్ప ఎవరూ దిద్దే ఫైళ్లు ఉండవు కనుక, మామూలు రిపాజిటరీలో తెరిచి ఉన్న బ్రాంచికి (కోడ్‌లోని ఒక శాఖకు) పుష్ చేయబోతే, అంటే మన మార్పులను పంపబోతే, గిట్ నిరాకరించే ఇబ్బంది ఇక్కడ ఎదురుకాదు. ఆ తర్వాత ఎవరికి వారు క్లోన్ చేసుకోవచ్చు, అంటే చరిత్రతో సహా ప్రతిని తమ కంప్యూటర్‌లోకి తెచ్చుకోవచ్చు. వెబ్‌లో చూసుకునే హంగులు ముగ్గురికి ఇప్పుడే అవసరం లేదని నా అభిప్రాయం.

మొదటి కమిట్‌కు (మార్పులను చరిత్రలో నమోదు చేయడానికి) ముందే, గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా అయిన గిట్‌ఇగ్నోర్ ఫైలు రాసి, కంపైల్ చేయగా వచ్చే ఫైళ్లనూ, డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న సెట్టింగుల ఫైలునూ అందులో పేర్కొనండి. ఒకసారి కమిట్ అయిన పాస్‌వర్డ్‌ను తర్వాత తొలగించినా పాత కమిట్లలో అది అలాగే ఉండిపోతుంది, అప్పుడు పాస్‌వర్డ్‌నే మార్చుకోవలసి వస్తుంది. సర్వర్ డిస్కు పాడైనా, అప్పటివరకు తెచ్చుకున్న చరిత్ర ప్రతి క్లోన్‌లోనూ ఉంటుంది. పుష్ చేయని పని మాత్రం రాసినవారి కంప్యూటర్‌లోనే ఉంటుంది.